అలాన్ ట్యూరింగ్

అలాన్ మాథిసన్ ట్యూరింగ్ (1912 జూన్ 23 - 1954 జూన్ 7) సుప్రసిద్ధ ఆంగ్ల గణిత శాస్త్రజ్ఞుడు, తర్కవేత్త, గూఢలిపి విశ్లేషకుడు. కంప్యూటరు శాస్త్రానికి సైద్ధాంతికమైన పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు. తగిన ఆదేశాలు అందిస్తే ఒకే ఒక్క యంత్రం మరే గణన యంత్రాన్నైనా అనుకరించగలదని ఇతడు 1936లోనే నిరూపించాడు. ఒక కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లుగా పనిచేసే వర్చువల్ మెషీన్లకు మూలసూత్రం ఇదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ నౌకాదళపు ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో ఇతడు ప్రముఖ పాత్ర వహించాడు. ఇంతటి సేవ చేసిన వ్యక్తిని, పురుషుల మధ్య స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించిన ఆనాటి చట్టం క్రింద, 1952లో అతని దేశమే శిక్షించింది. మరి రెండేళ్ళకు, 41 ఏళ్ళ వయసులో, ట్యూరింగ్ మరణించాడు.

కుటుంబం, తెలుగునాటితో సంబంధం

ట్యూరింగ్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. 1896లో భారతదేశానికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీలో చేరాడు. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాలలో పనిచేశాడు. కొంతకాలం పార్వతీపురంలో నివసించాడు. ఉద్యోగరీత్యా తమిళ, తెలుగు భాషలు నేర్చుకున్నాడు. వ్యవసాయం, పారిశుద్ధ్యం, నీటిపారుదల, టీకాల వంటి విషయాలపై తనిఖీలు చేసి నివేదికలు పంపడం అతని విధులలో భాగంగా ఉండేది.

తల్లి ఈథెల్ సారా స్టోనీ 1881లో కోయంబత్తూరు దగ్గరి పోదనూరులో జన్మించింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు. తుంగభద్ర నదిపై రైలు వంతెన నిర్మాణంలో ఇతనికి ముఖ్య పాత్ర ఉంది. చప్పుడు చేయకుండా పంకా లాగడానికి వీలైన ఒక చక్రాన్ని కనిపెట్టి, దానికి పేటెంటు కూడా పొందాడు. మనుమడికి యంత్రాలపై కలిగిన ఆసక్తికి మూలం తాతగారింట ఉన్నదనుకోవడం అసమంజసం కాదు.

జూలియస్, ఈథెల్ 1907లో ఓడ ప్రయాణంలో పరిచయమై అదే సంవత్సరం అక్టోబరులో డబ్లిన్ నగరంలో వివాహం చేసుకున్నారు. పెద్ద కుమారుడు జాన్ 1908లో కూనూరులో పుట్టాడు. 1911 నాటికి జూలియస్ గంజాం జిల్లాలోని ఛత్రపురంలో ఉన్నాడు. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిన ఈ ఊరు ఇప్పుడు ఒడిషాలో ఉంది. ఈథెల్ రెండవసారి గర్భవతి అయినది అక్కడనే. కానుపు కోసం దంపతులు ఇంగ్లండుకు వెళ్ళగా, 1912 జూన్ 23న లండనులోని మైదా వేల్ ప్రాంతంలో అలాన్ జన్మించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

భారతదేశపు వాతావరణం పసిపిల్లలకు పడదనే భయంతో తల్లిదండ్రులు కొడుకులిద్దరినీ ఇంగ్లండులోని సెయింట్ లెనర్డ్స్ పట్టణంలో ఒక విశ్రాంత సైనికాధికారి కుటుంబం వద్ద ఉంచి, తాము మద్రాసు ప్రెసిడెన్సీకి తిరిగివచ్చారు. ఆ కాలపు ఆంగ్ల ఉద్యోగుల కుటుంబాలలో ఇది సాధారణమైన పద్ధతే. ఐతే అలాన్ బాల్యంలో ఎక్కువ భాగం తల్లిదండ్రులకు దూరంగా గడిచింది. వారు సెలవుపై వచ్చినప్పుడే వారిని చూడగలిగేవాడు.

1926లో ఇతడు షెర్బోర్న్ పాఠశాలలో చేరాడు. బడి తెరిచే రోజుకు దేశమంతటా సార్వత్రిక సమ్మె మొదలై రైళ్ళు నిలిచిపోయాయి. పదమూడేళ్ళ అలాన్ సౌతాంప్టన్ నుండి సుమారు 60 మైళ్ళు సైకిలు తొక్కి, దారిలో ఒక సత్రంలో రాత్రి గడిపి, బడికి చేరుకున్నాడు. ఈ సంగతి స్థానిక పత్రికలో వార్తగా వచ్చింది.

షెర్బోర్న్ పాఠశాలలో గ్రీకు, లాటిన్ వంటి ప్రాచీన భాషలకే పెద్దపీట. గణితం, విజ్ఞానశాస్త్రాలు తప్ప మరేవీ పట్టని ఈ విద్యార్థి అక్కడి ఉపాధ్యాయులకు ఒక సమస్యగా కనిపించాడు. చేతివ్రాత బాగాలేదనీ, లెక్కలో నడుమ దశలు వ్రాయకుండా ఫలితం మాత్రం వ్రాస్తాడనీ వారు చింతించేవారు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని చదివి, తల్లి కోసం దానిపై వివరణ వ్రాసిపెట్టాడు.

ఈ పాఠశాలలోనే క్రిస్టొఫర్ మోర్కమ్ అనే సహాధ్యాయితో గాఢమైన స్నేహం ఏర్పడింది. ఇద్దరూ కలిసి ఖగోళ శాస్త్రం, గణితం చర్చించుకునేవారు. 1930 ఫిబ్రవరి 13న క్రిస్టొఫర్ క్షయవ్యాధి కారణంగా హఠాత్తుగా మరణించాడు. ఈ దుఃఖం ట్యూరింగ్ జీవితాంతం వీడలేదు. మనిషి మనస్సు శరీరంలో ఏ విధంగా నిలిచి ఉంటుంది, శరీరం నశిస్తే అది ఏమవుతుంది అనే ప్రశ్నలు అప్పుడే అతనిలో మొలకెత్తాయి. యంత్రం ఆలోచించగలదా అని తరువాతి కాలంలో అతడు చేసిన విచారణకు బీజం ఇక్కడ కనిపిస్తుంది.

1931లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1934లో గణితంలో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడైనాడు. సంభావ్యతా శాస్త్రంలోని కేంద్రీయ అవధి సిద్ధాంతాన్ని స్వయంగా నిరూపించాడు. ఫిన్లాండు గణితవేత్త లిండెబర్గ్ 1922లోనే దీనిని సాధించాడన్న సంగతి ఇతనికి అప్పటికి తెలియదు. అయినా ఈ పరిశోధన ఆధారంగా 1935లో, 22 ఏళ్ళ వయసులో, కళాశాల ఫెలోగా ఎన్నికైనాడు.

సార్వత్రిక యంత్రం

1935లో మాక్స్ న్యూమన్ ఇచ్చిన ఉపన్యాసాలలో ట్యూరింగ్ ఒక మౌలికమైన ప్రశ్నను గురించి విన్నాడు. ఏదైనా గణిత వాక్యాన్ని ఇస్తే, అది నిరూపణకు లొంగుతుందో లేదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఒకటి ఉన్నదా? జర్మను గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ లేవనెత్తిన సమస్య ఇది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు యాంత్రికమైన పద్ధతి అంటే ఏమిటో కచ్చితంగా నిర్వచించాలి. ట్యూరింగ్ గొప్పతనం ఈ నిర్వచనంలో ఉంది.

కాగితమూ పెన్సిలూ పట్టుకొని లెక్క చేసే మనిషిని అతడు పరిశీలించాడు. ఆ మనిషి ఒక సమయంలో కొన్ని గుర్తులను మాత్రమే చూస్తాడు, తన మనఃస్థితిని బట్టి ఒక గుర్తును చెరిపి వేరొకటి వ్రాస్తాడు, తరువాత పక్కకు జరుగుతాడు. ట్యూరింగ్ ఊహించిన యంత్రం కూడా ఇంతే. గళ్ళుగా విభజించిన అనంతమైన ఒక పట్టీ, ఒక్కొక్క గడిని చదివి వ్రాయగల ఒక శిరస్సు, ఏ స్థితిలో ఏ గుర్తు కనబడితే ఏమి చేయాలో చెప్పే ఒక పట్టిక. ఇంతకు మించి దానిలో ఏమీ లేదు. దీనినే ఇప్పుడు ట్యూరింగ్ యంత్రం అంటారు.

ఆ తరువాతి మెట్టు మరింత ఆశ్చర్యకరమైనది. యంత్రపు ఆదేశ పట్టికను కూడా గుర్తులుగా మార్చి పట్టీపై వ్రాయవచ్చును. అలా వ్రాసిన ఏ యంత్రపు పట్టికనైనా చదివి, ఆ యంత్రం చేసే పనినే తాను చేసి చూపగల యంత్రం ఒకటి ఉంటుందని ట్యూరింగ్ నిరూపించాడు. ఇదే సార్వత్రిక యంత్రం. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రం కట్టనక్కరలేదు, పట్టీపై ఆదేశాలు మార్చితే చాలును. నేడు మనం సాఫ్ట్‌వేరు అని పిలిచే దానికి ఇది సైద్ధాంతిక రూపం.

ఇదే వ్యాసంలో యంత్రాల పరిమితిని కూడా చూపాడు. ఒక యంత్రం ఎడతెగకుండా ఫలితాలు వ్రాస్తూ పోతుందా లేక ఎక్కడో చిక్కుబడిపోతుందా అన్నది అన్ని సందర్భాలలోనూ తేల్చి చెప్పగల యంత్రం ఉండజాలదని రుజువు చేశాడు. తరువాతి రచయితలు దీనికి సన్నిహితమైన సమస్యకు ఆగుదల సమస్య అని పేరు పెట్టారు. దీనితో హిల్బర్ట్ ప్రశ్నకు లేదనే జవాబు వచ్చింది. అమెరికా తర్కవేత్త అలొంజో చర్చ్ వేరొక మార్గంలో ఇదే ఫలితాన్ని కొద్ది నెలల ముందు ప్రకటించాడు. ఐనప్పటికీ ట్యూరింగ్ పద్ధతి సహజంగా, స్పష్టంగా ఉండడం చేత అతని వ్యాసం కూడా లండన్ మాథమెటికల్ సొసైటీ పత్రికలో 1936 చివర భాగాలుగా వెలువడింది.

1936 సెప్టెంబరులో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, చర్చ్ పర్యవేక్షణలో 1938లో డాక్టరేటు పొందాడు. ఈ సిద్ధాంత గ్రంథంలో, తనకు చేతకాని ప్రశ్నను బయటనున్న ఒక ఆకాశవాణి వంటి దానిని అడిగి జవాబు తెచ్చుకునే యంత్రాన్ని గురించి ప్రస్తావించాడు. విద్యుత్ రిలేలతో ఒక గుణకార యంత్రంలోని కొన్ని భాగాలను స్వహస్తాలతో తయారుచేసింది కూడా ప్రిన్స్‌టన్‌లోనే. జాన్ వాన్ నాయ్‌మన్ అక్కడ సహాయకుడిగా ఉండమని కోరినా అంగీకరించక 1938లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

యుద్ధకాలం: బ్లెచ్లీ పార్కు

బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడు, అనగా 1939 సెప్టెంబరు 4న, ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులోని ప్రభుత్వ గూఢలిపి కేంద్రంలో చేరాడు. జర్మనులు వాడిన ఎనిగ్మా యంత్రం చూడడానికి టైపురైటరు వలె ఉంటుంది. ఒక అక్షరం నొక్కితే లోపల తిరిగే చక్రాల గుండా విద్యుత్తు ప్రవహించి వేరొక అక్షరం దగ్గర దీపం వెలుగుతుంది. అయిదింటిలో మూడు చక్రాలు ఎంచి అమర్చడానికి 60 విధాలు, వాటిని తొలుత నిలపడానికి 17,576 స్థానాలు ఉన్నాయి. వీటికి తోడు 10 జతల అక్షరాలను తీగలతో కలపడానికి సుమారు 150 లక్షల కోట్ల విధాలున్నాయి. ఈ అమరిక ప్రతి దినం మారేది.

ఎనిగ్మాను మొదట ఛేదించినవారు పోలండు గణితవేత్తలు. మరియన్ రెయెవ్‌స్కీ 1932 చివరలోనే దాని లోపలి అమరికను గణితం ద్వారా కనుగొన్నాడు. యెజి రుజిట్‌స్కీ, హెన్రిక్ జిగాల్‌స్కీ ఇతని సహచరులు. 1939 జూలైలో వారు తమ రహస్యాలన్నీ బ్రిటిషు, ఫ్రెంచి నిపుణులకు అందజేశారు. ఐతే వారి పద్ధతి జర్మనులు సందేశం మొదట్లో తాళపుచెవిని రెండుసార్లు పంపే అలవాటు మీద ఆధారపడినది. ఆ అలవాటు మారితే పద్ధతి పనిచేయదు.

ట్యూరింగ్ వేరొక దారి ఎంచుకున్నాడు. సందేశంలో తప్పక ఉండగల మాటలను, ఉదాహరణకు వాతావరణ నివేదికలలోని పదాలను, ఊహించి సంకేత పాఠం పక్కన నిలిపి చూడాలి. ఎనిగ్మాలో ఏ అక్షరమూ తనకు తానుగా మారదు. కాబట్టి ఏ స్థానంలో ఊహ సరిపడదో వెంటనే తెలుస్తుంది. మిగిలిన స్థానాలలో ఒక్కొక్క అమరికను తీసుకొని, దాని నుండి పరస్పర విరుద్ధమైన ఫలితాలు వస్తే ఆ అమరికను త్రోసివేయాలి. ఈ పని చేయడానికి అతడు రూపొందించిన విద్యుద్యంత్రం పేరు బోంబ్. బ్రిటిష్ టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీకి చెందిన హరాల్డ్ కీన్ దీనిని నిర్మించాడు. మొదటి యంత్రం 1940 మార్చిలో అమర్చబడింది. గోర్డన్ వెల్చ్‌మన్ సూచించిన మార్పుతో దాని శక్తి అనేక రెట్లు పెరిగింది.

జర్మను నౌకాదళం వాడిన ఎనిగ్మా మరింత కఠినమైనది. ఎవరూ దాని జోలికి పోనందున ఏకాంతంగా పనిచేసుకోవచ్చునని ట్యూరింగ్ దానిని ఎంచుకున్నాడు. ఈ విభాగానికి హట్ 8 అని పేరు. అట్లాంటిక్ మహాసముద్రంలో బ్రిటనుకు ఆహారం, ఇంధనం తెచ్చే ఓడలను జర్మను జలాంతర్గాములు ముంచివేస్తున్న కాలమది. సంకేతాలు చదవగలిగితే ఓడలను దారి మళ్ళించవచ్చును. 1941లో జర్మను ఓడల నుండి చేజిక్కిన పత్రాల సహాయంతో, ట్యూరింగ్ కనిపెట్టిన గణాంక పద్ధతులతో నౌకాదళ సందేశాలు క్రమంగా చదవబడినాయి. 1942 ఫిబ్రవరిలో జలాంతర్గాములు నాలుగు చక్రాల ఎనిగ్మాకు మారడంతో సుమారు పది నెలలు మళ్ళీ చీకటి ఆవరించింది. ఆ సంవత్సరం డిసెంబరులో ఆ చిక్కు కూడా విడింది.

పనికి తగినంతమంది సిబ్బంది లేక ఇబ్బంది కలిగినప్పుడు, 1941 అక్టోబరులో ట్యూరింగ్, వెల్చ్‌మన్, హ్యూ అలెగ్జాండర్, స్టూవర్ట్ మిల్నర్-బారీ కలిసి పైఅధికారులను దాటి నేరుగా ప్రధానమంత్రి చర్చిల్‌కు లేఖ వ్రాశారు. చర్చిల్ వెంటనే వారికి కావలసినవన్నీ సమకూర్చమని ఆజ్ఞాపించాడు.

బ్లెచ్లీ పార్కులో ట్యూరింగ్ అలవాట్లను గురించి సహోద్యోగులు చెప్పుకున్న కథలు చాలా ఉన్నాయి. పుప్పొడి వలన జలుబు చేయకుండా విషవాయువు ముసుగు ధరించి సైకిలు తొక్కేవాడట. ఆ సైకిలు గొలుసు అప్పుడప్పుడు ఊడిపోయేది. మరొకరైతే గొలుసు మార్పించేవారు. ట్యూరింగ్ మాత్రం పెడలు తిప్పిన లెక్క పెట్టి, గొలుసు ప్రతిసారీ ఒకే సంఖ్య తరువాత ఊడుతున్నదని గ్రహించాడట. చివరకు చక్రంలో వంగిన ఒక పుల్ల, గొలుసులో పాడైన ఒక కొక్కెం ఎదురుపడినప్పుడే ఇలా జరుగుతున్నదని కనిపెట్టాడట. లోపం యాదృచ్ఛికంగా కనిపించినా దానికొక క్రమం ఉంటుందని నమ్మి వెదకడం ఇతని స్వభావం.

1941లో సహోద్యోగి జోన్ క్లార్క్‌తో ఇతనికి వివాహ నిశ్చయం జరిగింది. తనకు పురుషుల పట్ల ఆకర్షణ ఉన్నదన్న విషయాన్ని ఆమెకు దాచక చెప్పి, కొన్ని నెలల తరువాత తానే ఆ నిశ్చయాన్ని రద్దు చేసుకున్నాడు. వారి స్నేహం మాత్రం కొనసాగింది. 1942 నవంబరు నుండి 1943 మార్చి వరకు అమెరికాలో ఉండి అక్కడి నిపుణులతో కలిసి పనిచేశాడు. బెల్ ప్రయోగశాలలో క్లాడ్ షానన్‌ను కలుసుకున్నాడు. యుద్ధ సేవకుగాను 1946లో ఓ.బి.ఇ. బిరుదు లభించింది. ఏ సేవకు ఆ బిరుదు వచ్చిందో తల్లికి సైతం చెప్పడానికి వీలులేకపోయింది.

కంప్యూటర్ల నిర్మాణం

1945లో ట్యూరింగ్ లండను సమీపంలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరాడు. 1946 ఆరంభంలో ఏస్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరుకు సవివరమైన ప్రణాళిక సమర్పించాడు. ఆదేశాలను యంత్రపు జ్ఞాపకంలోనే ఉంచడం, ఒక పని నడుమ చిన్న ఉపకార్యానికి వెళ్ళి తిరిగి అదే చోటికి రావడం వంటి విషయాలు అందులో ఉన్నాయి. 1947 ఫిబ్రవరిలో లండన్ మాథమెటికల్ సొసైటీలో చేసిన ప్రసంగంలో, దూరాన ఉన్న కంప్యూటరును టెలిఫోను తీగ ద్వారా వాడుకోవడం సాధ్యమేనని సూచించాడు. ఐతే నిర్మాణం అంతులేని జాప్యానికి గురైంది. దీని చిన్న రూపమైన పైలట్ ఏస్ 1950 మే నెలలో పనిచేయడం మొదలుపెట్టింది. అప్పటికే ట్యూరింగ్ ఆ సంస్థను విడిచిపెట్టాడు.

ఈ కాలంలోనే అతడు దూరపు పరుగులో పేరు తెచ్చుకున్నాడు. 1947లో మారథాన్ పోటీలో 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో గమ్యం చేరి అయిదవ స్థానం పొందాడు.

1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ సంవత్సరం జూన్ 21న ఫ్రెడెరిక్ విలియమ్స్, టామ్ కిల్బర్న్, జెఫ్ టూటిల్ నిర్మించిన బేబీ అనే చిన్న యంత్రం, జ్ఞాపకంలో దాచుకున్న ఆదేశాలతో పనిచేసిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరుగా చరిత్రకెక్కింది. దాని వారసులైన పెద్ద యంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసే విధానాన్ని వివరిస్తూ ట్యూరింగ్ ఒక చేతిపుస్తకం తయారుచేశాడు.

1949లో కేంబ్రిడ్జిలో జరిగిన సమావేశంలో చదివిన చిన్న వ్యాసం ప్రత్యేకంగా పేర్కొనదగినది. పెద్ద ప్రోగ్రాము సరియైనదా కాదా అని మొత్తంగా చూసి చెప్పడం కష్టం. అందుచేత ప్రోగ్రాము నడుమ అక్కడక్కడ, ఈ చోటికి వచ్చేసరికి ఇది నిజమై ఉండాలి అనే ప్రకటనలు వ్రాసిపెట్టాలి. ఒక్కొక్క ప్రకటనను విడివిడిగా సరిచూస్తే మొత్తం దానంతట అదే సరిచూసినట్లవుతుంది. కూడికల లెక్కలో వరుస వరుసకూ మొత్తాలు వేసి సరిచూసే పద్ధతి వంటిదే ఇది.

1950లో మైండ్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో యంత్రాలు ఆలోచించగలవా అనే ప్రశ్నను చర్చించాడు. తెర వెనుక ఉన్నది మనిషా యంత్రమా అన్నది వ్రాతపూర్వకమైన ప్రశ్నోత్తరాల ద్వారా తేల్చుకోలేకపోతే, ఆ యంత్రానికి ఆలోచన లేదనడానికి ఆధారం ఏమిటని వాదించాడు. దీనినే ట్యూరింగ్ పరీక్ష అంటారు. డేవిడ్ చాంపర్నౌన్‌తో కలిసి చదరంగం ఆడే ప్రోగ్రాము కూడా వ్రాశాడు. దానిని నడపగల కంప్యూటరు అందుబాటులో లేనందున, 1952లో తానే కాగితంపై ఆదేశాలు ఒక్కొక్కటే అనుసరిస్తూ యంత్రానికి బదులుగా ఆడాడు. ఆ ఆటలో యంత్రం పక్షం ఓడిపోయింది.

1951లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికైనాడు. 1952లో జీవుల శరీరాలపై చారలు, మచ్చలు వంటి ఆకృతులు రసాయనాల వ్యాప్తి, చర్యల వలన ఏ విధంగా ఏర్పడగలవో గణితం ద్వారా చూపే వ్యాసం ప్రచురించాడు. జీవశాస్త్రంలో ఇది ఇప్పటికీ ఆధార గ్రంథాలలో ఒకటి.

వర్చువల్ మెషీన్లు, యు.ఎస్.బి. పరికరాలు

సార్వత్రిక యంత్రం అనే భావన 1960లలో క్రొత్త రూపం దాల్చింది. ఐ.బి.ఎం. సంస్థ పెద్ద కంప్యూటరు ఒకదానిని అనేక కంప్యూటర్లుగా భ్రమింపజేసే వ్యవస్థను తయారుచేసి, 1972లో వి.ఎం. 370 పేరుతో విడుదల చేసింది. 1990ల చివర నుండి ఇంటి కంప్యూటర్లలో కూడా ఈ సౌకర్యం వచ్చింది. అసలు కంప్యూటరును హోస్ట్ అనీ, దాని లోపల నడిచే మిథ్యా కంప్యూటరును గెస్ట్ అనీ అంటారు.

ట్యూరింగ్ యంత్రానికి తన పట్టీ తప్ప వేరే లోకం లేనట్లే, గెస్ట్‌కు తనను నడిపే సాఫ్ట్‌వేరు వర్ణించి చెప్పిన పరికరాలు తప్ప వేరేవి తెలియవు. విద్యార్థులు తరచుగా ఎదుర్కొనే ఒక చిక్కుకు కారణం ఇదే. కంప్యూటరుకు యు.ఎస్.బి. పరికరం తగిలించినా అది గెస్ట్‌లో కనిపించదు. పరికరాన్ని ముందుగా స్వాధీనం చేసుకునేది హోస్ట్. అది విడిచిపెట్టి అప్పగిస్తేనే గెస్ట్‌కు అందుతుంది. 1949 వ్యాసంలోని పద్ధతిని అనుసరించి ఒక్కొక్క మెట్టును విడిగా సరిచూసుకుంటే లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది.

మొదటి మెట్టు: పరికరం హోస్ట్‌కు కనిపిస్తున్నదా? అక్కడే కనబడకపోతే లోపం తీగలోనో, రంధ్రంలోనో, పరికరంలోనో ఉన్నట్లు. అప్పుడు గెస్ట్‌లో వెదకడం వృథా.

రెండవ మెట్టు: గెస్ట్‌కు యు.ఎస్.బి. కంట్రోలరు అమర్చబడినదా? అమర్చినది పరికరానికి తగిన తరానిదా? 1.1 కంట్రోలరు మాత్రమే చూపినప్పుడు 2.0 లేదా 3.0 పరికరం పనిచేయకపోవచ్చును. ఈ అమరికను సాధారణంగా గెస్ట్‌ను పూర్తిగా ఆపివేసిన తరువాతనే మార్చగలం.

మూడవ మెట్టు: పరికరాన్ని అప్పగించే అధికారం వాడుకరికి ఉన్నదా? లినక్స్ హోస్ట్‌పై వర్చువల్‌బాక్స్ వాడేవారు వీబాక్స్‌యూజర్స్ అనే సమూహంలో సభ్యులై ఉండాలి. సభ్యులుగా చేరిన తరువాత ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి.

నాలుగవ మెట్టు: పరికరం గెస్ట్‌కు అప్పగించబడినదా? హోస్ట్‌లో వేరొక ప్రోగ్రాము దానిని పట్టుకొని ఉంటే అప్పగింత విఫలమవుతుంది. పెన్ డ్రైవు వంటి వాటిని ముందు హోస్ట్‌లో సురక్షితంగా విడదీయాలి, లేనిచో అందులోని సమాచారం చెడిపోవచ్చును. కొన్ని ఫోన్లు పని మధ్యలో రూపం మార్చుకొని క్రొత్త గుర్తింపు సంఖ్యతో కనిపిస్తాయి. ఆ క్రొత్త రూపాన్ని కూడా అప్పగించవలసి ఉంటుంది.

అయిదవ మెట్టు: గెస్ట్‌లో ఆ పరికరానికి తగిన డ్రైవరు ఉన్నదా? పైనాలుగూ సరిగా ఉండి ఇది లేకపోతే పరికరం గుర్తుతెలియనిదిగా కనబడుతుంది.

శిక్ష, మరణం

1952 జనవరిలో మాంచెస్టరు సమీపంలోని విల్మ్‌స్లోలో ఉన్న ట్యూరింగ్ ఇంటిలో దొంగతనం జరిగింది. అతడు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. దర్యాప్తులో తనకు ఒక యువకునితో సంబంధం ఉన్నదని దాచకుండా చెప్పాడు. దొంగను పట్టుకోవలసిన పోలీసులు ఫిర్యాదు చేసినవానిపైనే నేరం మోపారు. 1885 నాటి చట్టం క్రింద 1952 మార్చి 31న ఇతనిని దోషిగా నిర్ణయించారు. చెరసాలకు బదులుగా ఒక సంవత్సరం పాటు కృత్రిమ స్త్రీ హార్మోనుల చికిత్స తీసుకోవాలని షరతు విధించారు. దాని వలన శరీరంలో బాధాకరమైన మార్పులు కలిగాయి. ప్రభుత్వ రహస్య కార్యకలాపాలకు ఇతనికున్న అనుమతి రద్దయింది. యుద్ధకాలంలో చేసిన సేవను న్యాయస్థానంలో వివరంగా చెప్పుకోవడానికి కూడా వీలు లేదు, అది రాజ్యరహస్యం.

1954 జూన్ 8న పనిమనిషి వచ్చి చూసేసరికి ట్యూరింగ్ పడకపై మరణించి ఉన్నాడు. అంతకుముందు రోజు మరణించినట్లు తేలింది. మరణానికి కారణం సయనైడు విషం. పక్కన సగం కొరికిన ఆపిల్ పండు ఉంది. దానిలో విషమున్నదా అని పరీక్షించలేదు. విచారణాధికారి ఆత్మహత్యగా నిర్ణయించాడు. ఇంట్లో రసాయన ప్రయోగాలు చేసే అలవాటు వలన ప్రమాదవశాత్తు జరిగినదని తల్లి విశ్వసించింది. ఆత్మహత్య అనడానికి ఆధారాలు చాలవని తరువాతి కాలంలో కొందరు పరిశోధకులు కూడా అభిప్రాయపడ్డారు.

మరణానంతర గుర్తింపు

బ్లెచ్లీ పార్కు రహస్యాలు 1970ల మధ్యలో గాని బయటకు రాలేదు. అప్పటివరకు ట్యూరింగ్ యుద్ధసేవ లోకానికి తెలియదు. అతనిని శిక్షించిన చట్టాన్ని ఇంగ్లండు, వేల్సులలో 1967లో సడలించారు. 2009 సెప్టెంబరులో ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష ప్రకటించింది. అదే విధంగా శిక్షింపబడిన వేలాదిమందికి 2017లో చేసిన చట్టం ద్వారా క్షమాభిక్ష లభించింది. దానిని వాడుకలో ట్యూరింగ్ చట్టం అంటారు. 2021 జూన్ 23న, ట్యూరింగ్ జన్మదినాన, ఇతని చిత్రంతో 50 పౌన్ల నోటు విడుదలైంది.

కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైనదిగా భావించే ట్యూరింగ్ పురస్కారాన్ని అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ 1966 నుండి ప్రదానం చేస్తున్నది. 1994లో ఈ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి తెలుగువాడు. ఇతడు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో జన్మించాడు. ఈ పురస్కారం పొందిన తొలి ఆసియా సంతతి వ్యక్తి ఇతడే. మనిషి మాటను యంత్రం గ్రహించేటట్లు చేయడం రాజ్ రెడ్డి పరిశోధనలలో ముఖ్యమైనది. తండ్రి ఉద్యోగరీత్యా తెలుగు నేర్చుకున్న ట్యూరింగ్ పేరిట నెలకొన్న పురస్కారం ఆ విధంగా తెలుగునాట పుట్టిన శాస్త్రవేత్తకు చేరింది.